కోటేశ్వరమ్మ బరువు

చిలకలపూడిలోని ఆ ఇంట్లో అయిదింటికల్లా లేచేది ప్రసన్న ఒక్కతే. పాలు కాచి, టిఫిను చేసి, మధ్యాహ్నానికి కూర వండి, మంచంలో ఉన్న అత్తగారికి ఒళ్ళు తుడిచి, గూడూరు బళ్ళో పాఠాలు చెప్పడానికి బస్సెక్కేది. ఆమె భర్త ఫణీంద్ర కాఫీ తాగుతూ ఫోను చూసుకుని, రోల్డ్‌గోల్డ్ గాజులకు పూత వేసే తన షాపుకి వెళ్ళేవాడు. ఇంటి పని ఆవిడదని ఎవరూ అనుకుని పెట్టుకున్నది కాదు. పెళ్ళైన నాటినుంచీ అలా నడిచిపోతోందంతే.

అత్తగారు కోటేశ్వరమ్మ రెండేళ్ళ కిందట బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసినా కాళ్ళు నిలవలేదు. ఆవిడది భారీ శరీరం. పనికి పెట్టుకున్న ఇద్దరూ నెల తిరక్కుండానే నడుం పట్టేసిందని మానేశారు. మూడో మనిషి అమ్మాజీ.

అమ్మాజీది కోడూరు దగ్గర చేపలు పట్టుకునేవాళ్ళ పల్లె. బక్కపలచటి మనిషి. వచ్చిన మొదటి రోజే, బీరువా కిందకి చీపురు దూరడం లేదని దాన్ని ఎడమచేత్తో జానెడు పైకెత్తి పట్టుకుని కుడిచేత్తో ఊడ్చింది. తర్వాత వెళ్ళి కోటేశ్వరమ్మ వీపు కింద చెయ్యి పెట్టింది. దండెం మీద చీర గాలికి లేచినట్టు ఆవిడ మంచం మీంచి లేచి, నడుమెత్తున ఆగింది. దుప్పటి మార్చేదాకా అలాగే ఉంది. గుమ్మంలో నిలబడి చూసిన ప్రసన్న, టీలో పంచదార ఎంత వెయ్యమంటావని అమ్మాజీని అడిగి వంటింట్లోకి వెళ్ళింది. పక్కింటి భూషణం గారు మర్నాడే వచ్చి, తమ నీళ్ళ మోటారు కాస్త పక్కకి జరిపి వెళ్ళమని అమ్మాజీని అడిగారు.

ఏడాది హాయిగా గడిచింది. ఆషాఢంలో అమ్మాజీ కూతురు వీరదుర్గకి నెలలు నిండాయి. కాన్పు చూసుకుని మూడు నెలలు అక్కడే ఉంటానని అమ్మాజీ చెప్పేసింది. ఫణీంద్ర గుడివాడలో ముసలివాళ్ళని చూసుకునే ఒక హోముకి ఫోను చేశాడు. ఇరవై రోజుల్లో మంచం ఖాళీ అవుతుందన్నారు. ఆ మాట కోటేశ్వరమ్మ వింది. గోడవైపు తిరగాలన్నా ఒకరు తిప్పాలి కనుక, కళ్ళు మూసుకుంది.

ఆ ఇరవై రోజులు ఎవరు చెయ్యాలన్న మాట వచ్చింది. ప్రసన్న సెలవులన్నీ ఎప్పుడో అయిపోయాయి.

"వంట నేను చేసి వెళ్తాను. అత్తయ్య పని మీరు చూసుకోండి," అంది.

"నాకు చేతకాదు ప్రసన్నా."

"మొదట్లో నాకూ చేతకాలేదండీ."

ఆమె కోపంగా అనలేదు. అందుకేనేమో అతను ఒప్పుకున్నాడు.

వెళ్ళేముందు రెండు రోజులు అమ్మాజీ అతనికి పని నేర్పింది. మనిషిని పక్కకి ఎలా తిప్పాలో, తడిసిన గుడ్డ కిందనుంచి ఎలా లాగాలో చూపించింది. ఆ ఎత్తడం ఎలా అని ఫణీంద్ర అడిగాడు.

"నాకూ తెలవదు బాబుగారూ. మా అత్తకొచ్చింది, తర్వాత నాకొచ్చింది. చేస్తా ఉంటే ఎప్పుడో వచ్చుద్ది."

అతనికి రాలేదు. మొదటి వారం తల్లిని అంగుళం లేపడానికి చెమటలు కక్కాడు. కొడుకు చేత కడిగించుకోవలసి వచ్చినందుకు కోటేశ్వరమ్మ మొహం పక్కకి తిప్పుకునేది. అతనూ గోడకేసి చూస్తూనే కడిగేవాడు. షాపుకి మధ్యాహ్నం వెళ్ళడం మొదలుపెట్టాడు. రెండో వారానికి నీళ్ళు ఎంత వేడిగా ఉండాలో మోచేతికి తెలిసింది. వీపు కమిలిన చోట పౌడరు అద్దడం, జావలో ఉప్పు సరిచూడడం, జుట్టు చిక్కు తీయడం వచ్చాయి. ఒకరోజు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే మాట్లాడుకున్నారు.

ఇరవయ్యో రోజు పొద్దున కారు వచ్చింది. బట్టల సంచి డిక్కీలో పెట్టించి, ఫణీంద్ర లోపలికొచ్చి తల్లి వీపు కింద చేతులు పెట్టాడు. సాయం పట్టడానికి డ్రైవరు గుమ్మం దాకా వచ్చాడు.

బరువు లేదు.

అతను బిగబట్టిన ఊపిరి అలాగే ఉండిపోయింది. తల్లి అతని ఛాతీ దాకా వచ్చింది, భుజాలు దాటింది, తల దాటి ఇంకా పైకి లేచింది. అతని రెండు వేళ్ళు మాత్రం ఆవిడ వీపుకి ఆనుకుని ఉన్నాయి. ఊహ తెలియని రోజుల్లో చూసినట్టు, ఆవిడ మొహాన్ని కిందనుంచి చూశాడు. డ్రైవరు చెప్పులు బయట విడిచి వచ్చి, తిరుగుతున్న ఫ్యాను స్విచ్చి ఆపాడు. వంటింట్లో పాలు పొంగిపోతున్నా, మంచం పక్కనున్న ప్రసన్న కదల్లేదు.

కోటేశ్వరమ్మ ఆ ఎత్తునుంచి గదంతా నెమ్మదిగా చూసింది.

"ఈ ఫ్యాను తుడిచి ఎన్నాళ్ళైందిరా ఫణీ?" అంది. "ప్రసన్నా, ఓ తడిగుడ్డ ఇలా అందించు."

ప్రసన్న అందించింది. కోటేశ్వరమ్మ రెక్క రెక్కా పట్టుకుని, అంచుల దాకా తుడిచింది. నల్లటి దుమ్ము కొడుకు తలమీద, కళ్ళమీద రాలింది. అతను కళ్ళు మూసుకుని, చెయ్యి కదపకుండా అలాగే నిలబడ్డాడు.

"సంచి దింపెయ్యి బాబూ," అని డ్రైవరుతో చెప్పింది ప్రసన్న.

కోటేశ్వరమ్మ గుడ్డ మడత తిప్పి, అటకవైపు తీసుకెళ్ళమని కొడుక్కి చెప్పింది. అక్కడ బూజు చాలా ఉందట.