పదిహేడో నంబరు ప్రెజెంట్

ఫెబాను చంపింది మీరే.

మిరపచేలో పురుగుమందు డ్రమ్ము దగ్గర పన్నెండేళ్ల పిల్లను నిలబెట్టిన రైతూ, చేత్తో కలిపినా ఏం కాదని చెప్పి డబ్బా అమ్మిన మందుల కొట్టాయనా, ఊరి మొదట్లో ‘బాల కార్మికులు లేని గ్రామం’ అని పచ్చబోర్డు పాతి ఫొటో దిగి పోయిన ఆఫీసర్లూ, ఆ బోర్డు పడిపోకూడదని రిజిస్టరు నింపమన్న హెడ్మాస్టరూ, మీరంతా కలిసి చంపారు. మీ వరసలో దేవకుమారి టీచరు కూడా ఉంది. ఆమెను వదిలిపెట్టేది లేదు. ఆమె తనను తాను వదిలిపెట్టుకోలేదు గనకే ఈ కథ పుట్టింది.

ఊరి పేరు అక్కర్లేదు. పర్చూరు నుంచి చిలకలూరిపేట దాకా నల్లరేగడిలో మిరపా పత్తీ వేసే ఏ ఊరి పేరైనా పెట్టుకోండి, సరిపోతుంది.

దేవకుమారిది ఆ ఊరి పాలెమే. గుంటూరులో బీఎడ్ చదివింది. కాన్వెంటులో నాలుగేళ్లు పనిచేసింది. తర్వాత ఒక ఏజెంటును పట్టుకుని చైనా వెళ్లింది. హెనాన్‌లో ఒక పట్నం, అక్కడ చంటిపిల్లల బడి. రెండేళ్లు ఇంగ్లీషు పాటలూ రంగుల పేర్లూ చెప్పింది. 2003లో సార్స్ జబ్బు వచ్చి బడులు మూతపడితే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చింది.

వచ్చిన నెల రోజులూ ఊళ్లో ఆమె ఎదురైతే చాలు, కొంగులు ముక్కుల మీదికి పోయేవి. చర్చిలో ఆమె కూర్చున్న బెంచీ మీద ఇంకొకరు కూర్చునేవారు కాదు. “మాకు నిలబడ్డానికి చోటు లేదు, నీకు పడుకోడానికి చోటిచ్చారు. అదృష్టం నీదేనే చెల్లీ!” అని ఆమె అన్న మరియదాసు నవ్వేవాడు. ముందుగా భయం తీరింది పక్కింటి పుల్లమ్మకు. ఫెబా తల్లి ఆమె. మొగుడు తాపీ పనికని ఒంగోలు పోయి నెలకోసారి వస్తాడు. ఈమె కూలికి పోయి ఇల్లు నడుపుతుంది.

“టీచరమ్మా, అక్కడ పాముల్ని తింటారంట గదా! నువ్వూ తిన్నావా?”

“నేను అన్నమే తిన్నాను పుల్లమ్మక్కా. పుల్లల్తో తినాలి, అంతే.”

“పుల్లల్తోనా! మా పొయ్యి కాడ బోలెడున్నాయి, మోపు కట్టిత్తా, తీస్కపో.”

జూన్‌లో ఊరి యూపీ స్కూల్లో దేవకుమారిని విద్యా వాలంటీరుగా తీసుకున్నారు. ఏడో తరగతి ఇచ్చారు. పిల్లలు ఆమెకు చైనా టీచరని పేరు పెట్టారు. చైనా నుంచి ఆమె తెచ్చిన సామాను పెద్దగా లేదు. ఒక అలవాటు మాత్రం తెచ్చింది.

అక్కడ పొద్దున్నే టీచరు గేటు దగ్గర నిలబడాలి. ప్రతి పిల్లా రెండు చేతులూ చాపాలి. అరచెయ్యి చూడాలి, తిరగేసి చూడాలి, నుదురు ముట్టుకోవాలి, నోరు తెరిపించాలి. అప్పుడే లోపలికి. ఒకరోజు నాలుగేళ్ల పిల్లవాడి చెయ్యి కాస్త వెచ్చగా తగిలింది. ఎండలో నడిచొచ్చాడులే అని ఆమె లోపలికి పంపబోయింది. పక్కనున్న ముసలి నర్సు ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. పిల్లవాణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టారు. తల్లికి ఫోన్ చేశారు. ముగ్గురొచ్చి అడిగారు, ముగ్గురూ రాసుకున్నారు. తల్లి వచ్చేదాకా ఆ నర్సు కుర్చీలోంచి లేవలేదు. ఒక్క చెయ్యి వెచ్చబడితే ఇంత గోలా అనుకుంది దేవకుమారి అప్పుడు.

ఊరి బళ్లో గేటు లేదు, రెండు రాతి స్తంభాలున్నాయి. వాటి మధ్య నిలబడి చేతులు చూడ్డం మొదలుపెట్టింది. హెడ్మాస్టరు శ్యామ్ సుందర్ గారు చూసి నవ్వారు. “ఏమ్మా, జాతకాలు చెప్తున్నావా? మా ఆవిడ చెయ్యి కూడా చూడరాదూ, ఎప్పుడు పోరు మానుద్దో!”

జాతకాలే అవి. పత్తికాయ మొనలు గీరిన వేళ్లు. మిరపకాయలు కోసి కోసి మండి, రాత్రంతా మజ్జిగలో ముంచిన వేళ్లు. ఏ పిల్ల ఎవరి చేలో ఉందో నోరు విప్పక ముందే చేతులు చెప్పేసేవి.

డిసెంబరులో ఒక సోమవారం ఫెబా చేతులు చాపింది. అరచేతులు పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి, గంటల తరబడి నీళ్లలో నానినట్టు. దేవకుమారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కుళ్లిన వెల్లుల్లి కంపు.

“ఏందే ఇది?”

“వీరాంజనేయులు బాబాయి గారి చేలో మందు కలిపా టీచర్. డ్రమ్ములో కర్ర ఇరిగిపోయింది. చేత్తో కలిపా.”

“తల నొప్పిగా ఉందా?”

“లేదు టీచర్. కళ్లు మసగ్గా ఉన్నాయి. బోర్డు కనపడకపోతే ముందు బెంచీలో కూర్చుంటాలే.”

వెనక ఇరవై మంది చేతులు చాపి నిలబడి ఉన్నారు. ప్రార్థన గంట కొట్టేశారు. “పో, బోరింగు కాడ సబ్బేసి కడుక్కుని రా” అంది దేవకుమారి. అంతే. ఆమె చేసింది అంతే. పక్కగదిలో కూర్చోబెట్టలేదు, తల్లిని పిలిపించలేదు, ఎక్కడా రాయలేదు. మణికట్టు పట్టి ఆపేవాళ్లు లేరు. ఫెబా పరుగెత్తుకుంటూ పోయి, చేతులు కడుక్కుని, గౌనుకు తుడుచుకుంటూ వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

మంగళవారం నుంచి ఫెబా రాలేదు. క్లాసులో సగం మంది రాలేదు, మిరపకు పురుగు పట్టి ఊరంతా మందు కొడుతున్నారు. దేవకుమారి ఆబ్సెంట్లు వేయబోతే శ్యామ్ సుందర్ గారు వచ్చి రిజిస్టరు మీద చెయ్యి పెట్టారు.

“అన్నీ ప్రెజెంట్లే వెయ్యమ్మా. వచ్చే వారం హైదరాబాదు నుంచి టీం వస్తంది. మండలం మొత్తంలో బోర్డు పెట్టింది మన ఊళ్లోనే.”

“రాని పిల్లలకు ప్రెజెంటు ఎట్టా వేసేది సార్?”

“పెన్నుతో వెయ్యి. నువ్వొక్కదానివే నీతిమంతురాలివా? నేను పాతికేళ్ల నుంచి వేస్తన్నా.”

ఆమె వేసింది. మంగళవారం వేసింది, బుధవారం వేసింది, గురువారం కూడా వేసింది. గురువారం పొద్దునే ఫెబా డ్రమ్ము పక్కన కూలబడింది. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట. ట్రాక్టరు మీద వేసుకుని ఆస్పత్రికి చేర్చేసరికి ఊపిరి లేదు. డాక్టరు కాగితం మీద ‘వాంతులు, విరేచనాలు’ అని రాశాడు. క్రిస్మసుకు పుల్లమ్మ కొన్న గౌను మడతలు విప్పకుండానే పెట్టెలో పెట్టి పూడ్చారు.

ఆ తర్వాత సోమవారం దేవకుమారి స్తంభాల మధ్య నిలబడి ఇరవై మూడు జతల చేతులు చూసింది. చివరి పిల్ల లోపలికి పోయాక ఆమె చెయ్యి దానంతటదే ముందుకు చాపుకుంది. ఎదురుగా ఇంకొక జత ఉంది. తెల్లగా, ముడతలు పడి, తడిగా. ఎండ పడుతోంది, రోడ్డు మీద బస్సు పోతోంది, ఆ చేతులు మాత్రం చాపుకుని అక్కడే ఉన్నాయి. చూసి పంపమంటున్నాయి. ఆమె కళ్లు మూసుకుని, “కడుక్కుని రా” అంది.

రోజూ అంతే. అన్నం కలిపితే వేళ్లకు వెల్లుల్లి కంపు. వదిన కూరలో వెల్లుల్లి వేయడం మానేసింది. అయినా కంపు పోలేదు. చర్చిలో అందరూ చేతులెత్తి ప్రార్థిస్తుంటే ఈమె కళ్లు తెరుచుకుని అరచేతులు లెక్కపెట్టేది. “చైనా నుంచి జబ్బు తేలేదుగానీ దెయ్యాన్ని తెచ్చింది” అన్నారు జనం. చైనాకేం సంబంధం? దెయ్యం ఈ ఊరిది. ఈ ఊరే దాన్ని తయారుచేసింది.

రిజిస్టరులో ఫెబా పదిహేడో నంబరు. పేరు కొట్టేస్తానంటే హెడ్మాస్టరు వద్దన్నారు. “విచారణ ఉంది. అయ్యేదాకా గీత కూడా పెట్టొద్దు.” అందుకని రోజూ పదహారు తర్వాత పద్దెనిమిది పిలిచేది. ఒకరోజు నాలుక జారింది.

“పదిహేడు.”

“ప్రెజెంట్ టీచర్!”

ముందు బెంచీలోంచి స్పష్టంగా వచ్చింది ఆ మాట. దేవకుమారి తలెత్తి చూసింది. అరిచింది భవ్య. ఫెబా పక్కన కూర్చునే పిల్ల. రెండు చేతులతో నోరు మూసుకుని ఏడుస్తోంది.

“నేనే టీచర్, నేనే అన్నా. ఆఫీసర్లొచ్చినప్పుడు పక్కోళ్లు రాకపోతే వాళ్ల నంబరుకు మనమే పలకాలని సారు నేర్పాడుగా. ఫెబాది నాకిచ్చాడు. అలవాటైపోయింది టీచర్.”

చచ్చిపోయిన పిల్ల తరఫున పలకడం బతికున్న పిల్లకు అలవాటు చేశారు. దీన్ని చదువంటారు ఈ దేశంలో.

ఆ సాయంత్రం పుల్లమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“టీచరమ్మా, నేను కేసు పెట్టాగా. ఆ వీరాంజనేయులు ఏమన్నాడో తెలుసా? ఆ రోజు పిల్ల మా చేలోకే రాలేదు, బళ్లో ఉంది, కావాలంటే రిజిస్టరు చూస్కోండి అన్నాడు. నా బిడ్డ బళ్లో ఉందా అమ్మా?”

దేవకుమారి కుర్చీ జరిపింది. పుల్లమ్మ కూర్చోలేదు.

“నాకు చదువు రాదు. నువ్వు చెప్పు. బళ్లో ఉంటే బతికుండేదిగా. ఏదీ, ఎక్కడ పెట్టావు నా బిడ్డను?”

“ప్రెజెంటు వేసింది నేనే అక్కా.”

పుల్లమ్మ కొట్టలేదు, తిట్టలేదు. దేవకుమారి చెయ్యి అందుకుని తిరగేసి చూసింది. ఈ చేత్తోనేనా అన్నట్టు చూసి, వదిలేసి వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

జనవరి రెండో వారంలో ఎమ్మార్వో జీపులో వచ్చాడు. బడి వరండాలో బల్ల వేశారు. కొబ్బరిబోండాలు తెప్పించారు. వీరాంజనేయులు ఇస్త్రీ చొక్కాలో వచ్చి కూర్చున్నాడు. పుల్లమ్మ మెట్ల కింద నేల మీద కూర్చుంది. పిలవక ముందే శ్యామ్ సుందర్ గారు దేవకుమారిని గోడ పక్కకు తీసుకెళ్లారు.

“రిజిస్టరు చూపించి సంతకం పెట్టు, అంతే. ఇంకో ముక్క మాట్లాడితే దొంగ హాజరని కేసు నీ మీదే పడుద్ది. నీది పర్మనెంటు ఉద్యోగం కూడా కాదు. నేనూ మన పాలెం వాణ్ణే, నీ మంచికే చెప్తున్నా.”

“మీరు నేర్పిన పిల్ల మొన్న పలికింది సార్, ఫెబా తరఫున. మీరూ వింటే బాగుండేది.”

ఎమ్మార్వో రిజిస్టరు తిప్పి, గురువారం గడి మీద వేలు పెట్టాడు. “ఈ గుర్తు మీదేనా?”

“నాదేనండి. దొంగది.”

వీరాంజనేయులు బోండాలో గొట్టం వదిలేశాడు. “ఏందమ్మా, మతుండే మాట్లాడుతున్నావా? సార్, ఈవిడకి చైనా నుంచి వచ్చిందగ్గర్నించీ బుర్ర బాగాలేదు. ఊరంతా తెలుసు. ఒక్కతే గేటు కాడ నిలబడి గాల్లోకి మాట్లాడుద్ది.”

“మాట్లాడతా. నువ్వు కలిపించిన చేతులతోనే మాట్లాడతా. సోమవారం ఆ పిల్ల నాకు చెప్పింది నీ చేలో కలిపానని. నేను వాసన చూశాను. కడుక్కోమని పంపాను. ఆస్పత్రికి పంపలేదు. అది నా తప్పు. మంగళ, బుధ, గురు మూడు రోజులూ అది నీ డ్రమ్ము దగ్గర ఉంటే బళ్లో ఉందని రాశాను. అదీ నా తప్పే. ఇదంతా రాసుకోండి సార్.”

ఎమ్మార్వో రాయలేదు. పెన్నుకు మూత పెట్టాడు. గొంతు తగ్గించి, “చూడమ్మా, ఇది రాస్తే మీ ఉద్యోగం పోతుంది. బోర్డు పోతుంది. మండలానికే మాట వస్తుంది. నిదానంగా ఆలోచించి రేపు చెప్పండి” అన్నాడు.

మెట్ల కిందనుంచి పుల్లమ్మ తలెత్తి చూస్తోంది. కిటికీ ఊచల వెనక భవ్య, ఇంకో నలుగురు పిల్లలు. దేవకుమారి రిజిస్టరు లాక్కుని, ఆ పొద్దున తను హాజరు వేసిన పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. ఎర్ర సిరాతో ఆబ్సెంట్లు. ఆ బడి రిజిస్టరులో ఒక్కరోజే అన్నేసి ఆబ్సెంట్లు ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

“రేపు కాదు సార్. పొద్దున చేతులు చూసింది ఇరవై మూడు మందివి. రానివాళ్లు పద్దెనిమిది. ఎవరు ఎవరి చేలో ఉన్నారో పేరుపేరునా చెప్తా. ఎండెక్కితే మందు కొట్టరు, పదిలోపే డ్రమ్ములు కలుపుతారు. ఇప్పుడు తొమ్మిదిన్నరయింది. మీరు మూత పెట్టిన పెన్ను తియ్యండి. ఫెబా పురుగుమందుకు చచ్చిపోయిందని రాయండి, వీరాంజనేయులు చేలో చచ్చిపోయిందని రాయండి, బళ్లో ఉందని నేను అబద్ధం రాశానని రాయండి, రాయమన్నదెవరో కూడా రాయండి. రాసి లేవండి. ఆ పచ్చబోర్డు పీకి జీపులో పడెయ్యండి. దారి నేను చూపిస్తా, నడవండి. ఒక్కో చేలో దిగి, ఒక్కో డ్రమ్ము దగ్గర పిల్లని పక్కకు లాగి, చేతులు కడిగించి, కళ్లు మసకేసిన వాళ్లని నేరుగా ఆస్పత్రికి పంపాలి. నన్ను పీకేది, నా మీద కేసు పెట్టేది ఆ తర్వాత చూద్దురుగానీ. ముందు జీపు తియ్యండి!”