చెత్తకుప్ప గారి అమ్మాయి

ఫోనులో సుమీనా చెప్పింది ఒకటి, అవతల వాళ్ళమ్మ నానా పోకువా విన్నది ఇంకొకటి.

"అమ్మా, గురువారం పొద్దున్నే పేరు పెడుతున్నాం. మామని తీసుకుని రా" అన్నాడతను. వెనకాల రొట్టెల పొయ్యి భగభగమంటోంది. పక్క కొట్టు రేడియో గుండెలు బాదుకుంటోంది. పల్లెలో, కాస్త చెవుడున్న నానా దాకా చేరేసరికి పేరు కాస్తా పోరైంది.

"పోరు పెడుతున్నారా? ఎవరితోరా?" అందావిడ. ఇవతల సుమీనాకి అది పేరుగానే వినపడింది.

"ఎవరితో ఏంటమ్మా, అందరితోనూ!"

అందరితోనట! నానా ఫోను పెట్టేసి తమ్ముణ్ణి కేకేసింది. దపా మామ ఒకప్పుడు సైన్యంలో వంటవాడు. యుద్ధం చూడలేదు గానీ యుద్ధానికి సరిపడా బొబ్బర్లు ఉడకేశాడు. ఆయన వచ్చిన ప్రతి దఫా ఏదో ఒక రభస తప్పదు. ఎవరితో పోరు, ఎందుకు పోరు అని అడగలేదు. అడగడం వంటవాడి పని కాదు. మూలనున్న గుగ్గిలం కర్ర భుజాన వేసుకుని, బూట్లు తుడుచుకుని, అక్క వెనకాల వ్యానెక్కాడు.

మంగళవారం మధ్యాహ్నం కొడుకుండే ఊరు బెక్వాయ్‌లో వ్యాను దిగిన అత్తగారినీ, ఆవిడ వెనక కర్రనీ, కర్ర వెనక దపా మామనీ సుమీనా పెళ్ళాం తివా గుమ్మంలోంచే చూసింది. 'పేరు కోసం నన్ను బెదిరించడానికి ఏకంగా కర్రే తెచ్చారన్నమాట. రానీ' అనుకుంది. చేతిలో ఆరు రోజుల ఆడపిల్లని గట్టిగా హత్తుకుంది.

నానా గడప దాటకుండానే తలెత్తి కొట్టు మీద బోర్డు చదివింది. ఆకుపచ్చ అక్షరాలు, చెయ్యంత పొడుగు: అనిదాసో బ్రెడ్. అనిదాసో అంటే ఆశ. విడమరిచి చెప్పాలంటే, కన్ను దానిమీదే వేసుకుని కూర్చోవడం. బిడ్డ కడుపులో ఉండగా ఏడో నెలలోనే, పెట్టబోయే పేరుతో తివా ఆ బోర్డు రాయించింది. రాసే ఆయన కుంచె పట్టుకుని మూడుసార్లు నసిగాడు, "పుట్టనివ్వండమ్మా, అప్పుడు రాస్తాను" అని.

"పుట్టాక రాస్తే అది వార్త. ఇప్పుడు రాస్తే నమ్మకం. రాయి" అంది తివా.

ఊరు ఆ బోర్డుని నేరం జరిగిన చోటు చూసినట్టు చూసింది. ఎందుకంటే ఇంతకు ముందు ఇద్దరు పుట్టారు. మొదటివాడు మూడో రోజున వెళ్ళిపోయాడు. రెండోది ఏడో రోజు సాయంత్రం. ఎనిమిదో రోజు వాకిట్లోకి తెచ్చి పేరు పెడితేనే అక్కడ మనిషి లెక్క. అంతలోపు వెళ్ళిన వాళ్ళు దారి తప్పి వచ్చిన చుట్టాలే. వాళ్ళకి పేరుండదు, వాళ్ళ కోసం ఏడవకూడదు. తివా రొట్టెల పిండి పిసుకుతూ ఏడ్చింది. ఆ వారం రొట్టెల్లో ఉప్పెక్కువైందని ఊరంతా చెప్పుకున్నారు.

"ఆ బోర్డు దించెయ్" అంది నానా, మంచినీళ్ళు తాగీ తాగకముందే.

"దించను అత్తమ్మా."

"పిల్ల పేరు సుమీనా. వాళ్ళ నాన్న పేరే. బుగ్గ మీద చిన్న గాటు కూడా పెట్టాలి."

నానా అంటే పెద్దవాళ్ళందరికీ గౌరవంగా వాడే మాట. ఈ నానా మాత్రం నానా మాటలూ అనగలదు, అందులో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోదు. సుమీనా అంటే చెత్తకుప్ప. మన పెంటయ్యకి వేలు విడిచిన తమ్ముడన్నమాట. తివా మొగుడు ఆరడుగుల మనిషి, కుడి బుగ్గ మీద గాటు, పేరేమో చెత్తకుప్ప. బళ్ళో మేష్టారు హాజరు పిలిచినప్పుడల్లా తరగతి మొత్తం ముక్కు మూసుకునేది.

"ముగ్గుర్ని మట్టికిచ్చానే" అంది నానా. "ముగ్గురికీ ముద్దు పేర్లు పెట్టుకున్నాను. చావు వచ్చి ముచ్చటపడి తీసుకుపోయింది. నాలుగోవాడి బుగ్గ మీద గాటు పెట్టి చెత్తకుప్ప అన్నాను. చావు వచ్చింది, ముక్కు మూసుకుంది, పోయింది. అదిగో నా చెత్తకుప్ప, నీ పొయ్యిలో కట్టెలు పెడుతున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలే నీకు?"

"నలభై ఏళ్ళుగా గుళ్ళో ముందు వరసలో కూర్చుని పాడతారు కదా అత్తమ్మా! ప్రభువు చావుని గెలిచాడని."

"పాడతాను. పాట ప్రభువు వింటాడు. పేరు చావు కూడా వింటుంది. నేను ఇద్దరితోనూ జాగ్రత్తగా ఉంటాను."

"ఆ రెండో జాగ్రత్త పేరే భయం."

"భయమే! భయపడ్డాను కాబట్టే నీకు మొగుడు దొరికాడు!"

తివా మొగుడి వైపు తిరిగింది. సుమీనా తలుపు దగ్గర కట్టెలు పట్టుకుని నిలబడ్డాడు. పేరు పలకాల్సింది తండ్రి. ఇటు తల్లి, అటు పెళ్ళాం. రెండు వైపులా మాడిన రొట్టెలా ఉన్నాడు. "ఏం పలుకుతావు?" అని తివా అడిగితే, "గురువారం రానీ" అన్నాడు. తల్లి అడిగితే కూడా అదే అన్నాడు. దపా మామ మాత్రం ఏమీ అడక్కుండా కర్రతో కొట్టు ముందు కాపలా కూర్చున్నాడు. రొట్టెల కోసం వచ్చిన ప్రతివాణ్ణీ శత్రువేమో అన్నట్టు ఎగాదిగా చూస్తున్నాడు.

పక్క కొట్టులో పెండలం ముక్కలు వేయించే కొనాదుకి ఈ గొడవ కంటే ఎక్కువ ఏం కావాలి? దాని రేడియో రేడియో కాదు, రోదియో. తెల్లారింది మొదలు వంతెన కూలింది, డాలరెక్కింది, ఫలానా ప్రవక్తకి పాడు కల వచ్చింది, దేశం అయిపోయింది అని ఫోను చేసినవాడల్లా చెబుతుంటాడు. అయిపోయిన దేశం మర్నాడు మళ్ళీ అయిపోతుంటుంది.

"తివా అక్కా, ఈ ఊళ్ళో కరెంటే రెండు గంటలు నిలవట్లేదు. ఆశ నిలుస్తుందా?" అంది కొనాదు, జల్లెడ గరిట విదిలిస్తూ.

"నా పొయ్యి కట్టెలతో మండుతుందే కొనాదూ. కరెంటుతో దానికి పనేంటి?"

బుధవారం, ఏడో రోజు. మధ్యాహ్నం మూడింటికి బిడ్డని చేతుల్లోకి తీసుకున్న తివాకి అరచేయి చురుక్కుమంది. నిప్పుకణికలా ఉంది పిల్ల. ఏడవట్లేదు, పాలు పట్టట్లేదు. తివా ముఖం చూసి కొనాదు చేసిన పని, రేడియో కట్టేయడం. మూడేళ్ళలో అది ఆగడం అదే మొదలు. తివా బిడ్డతో వీధిలోకి పరుగెత్తింది.

ఆసుపత్రి బల్ల మీద ముప్ఫై మంది ముందున్నారు. నర్సు రావాలి. ఒకపక్క సుమీనా, ఒకపక్క నానా, మధ్యలో తివా. గుమ్మంలో కర్రతో దపా మామ.

"పిలువే" అంది నానా గొంతు తగ్గించి. "ఒక్కసారి పిలువు, సుమీనా అని. అది ఇక్కడే ఎక్కడో తిరుగుతోంది. వింటుంది, పోతుంది. నీ కాళ్ళు పట్టుకుంటానే."

ఆ మాట తివా నాలుక చివరిదాకా వచ్చింది. మూడక్షరాలు. మూడే. పలికేస్తే ఎవరికి నష్టం? గడియారం చూసింది. పోయినసారి ఇదే రోజు, సాయంత్రం ఆరింటికి. ఇంకా రెండు గంటల చిల్లర ఉంది.

"పిలవను" అంది.

"ఒసేయ్!"

"పిలవను అత్తమ్మా. నా ఇద్దరూ పేరు లేకుండా వెళ్ళారు. ఆఖరి రోజున ప్రభువు వచ్చి సమాధుల్లో వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలుస్తాడని నేను కాపరానికొచ్చిన కొత్తలో మీరే చెప్పారు. ఆయన వచ్చి 'చెత్తకుప్పా, లే' అంటే నా పిల్ల లేవాలా? నేను పక్కనుండి విని ఊరుకోవాలా?" బల్ల మీద వాళ్ళంతా తిరిగి చూశారు. తివా గొంతు పెంచింది. "ఇది నూరేళ్ళు బతికితే ఆ పేరు నిజం, సాయంత్రానికి పోతే అబద్ధం, అలాంటి పేరు కాదు నేను పెట్టేది. ఉన్నన్నాళ్ళూ దీని పేరు ఆశే. పోతే, పోయాక కూడా ఆశే. ఆయన లేపేదాకా! చావు వింటుందా? విననీండి. గట్టిగానే చెబుతాను, దానికీ మీలాగే చెవుడేమో!"

ఎవరో ముసలాయన "ఆమేన్" అన్నాడు. అన్నాక ఎందుకన్నానా అన్నట్టు దగ్గాడు.

నానా తల వంచుకుంది. బల్లతో చెప్పినట్టు చెప్పింది.

"వీడు పాలు తాగేటప్పుడు చెవిలో వేరే పేరు పిలిచేదాన్ని. న్యామెచే అని. దేవుడిచ్చినవాడు అని. ఎవరికీ వినపడకుండా. నాకే సరిగ్గా వినపడకుండా."

సుమీనా తలెత్తి తల్లి వైపు చూశాడు.

"ఎన్నాళ్ళు పిలిచారు?" అంది తివా.

"ఆపితేగా! వీడు నన్ను చూసి తిరిగి బండెక్కినప్పుడల్లా పిలుస్తాను. ఇప్పటికీ."

"మరింకేం? మీరు చెవిలో చెప్పారు, నేను వాకిట్లో చెబుతాను. అంతే తేడా."

అప్పుడొచ్చింది నర్సు. బిడ్డ మీద గుడ్డలు విప్పింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆపైన ఉన్ని టోపీ.

"ఎవరమ్మా ఇలా చుట్టింది?"

"నేనే" అంది నానా. "కనపడకుండా దాచాను."

"ఎవరికి కనపడకుండా?"

నానా ఆ ఉన్ని టోపీ తీసుకుని ఒళ్ళో మడతపెట్టింది.

"ఇల్లెక్కడ? రొట్టెల పొయ్యి పక్కనా! బాగుంది, పిల్లని కూడా రొట్టెలాగే కాల్చారు" అంది నర్సు. అలాగని వదిలేయలేదు. రక్తం చూసింది, ఊపిరి విన్నది, సాయంత్రం దాకా కళ్ళముందే పడుకోబెట్టుకుంది. ఒక్క పల్చటి గుడ్డలో పిల్ల ఒంటి వేడి మెల్లగా దిగింది. ఆరింటికి తివా గడియారం వైపు చూడకూడదనుకుని చూసింది. ఆ ముల్లు కదిలి అవతలికి వెళ్ళే వేళకి బిడ్డ రొమ్ము పట్టుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు గుటకలేస్తోంది. "రేపు పేరు పెట్టాక మళ్ళీ తెచ్చి చూపించండి" అంది నర్సు.

గురువారం పొద్దున్నే తెల్లబట్టల్లో వాకిలి నిండింది. పాస్టరు గారు ప్రార్థన చేసి బిడ్డని తండ్రి చేతుల్లో పెట్టారు. రెండు గ్లాసులు తెచ్చారు. ఒకదాంట్లో నీళ్ళు. రెండో గ్లాసులో మామూలుగా సారా ఉండాలి. పాస్టరు గారి మొహం చూసి మత్తు లేని మాల్టు పోశారు. సుమీనా ఏం పలుకుతాడో తివాకి ఇప్పటికీ తెలీదు. రాత్రంతా అతను తల్లి దగ్గరా కూర్చోలేదు, తన దగ్గరా కూర్చోలేదు. పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

సుమీనా వేలు నీళ్ళలో ముంచి పిల్ల నాలుక మీద చుక్క వేశాడు. "నీళ్ళంటే నీళ్ళే అను." రెండో గ్లాసులో ముంచాడు. "మాల్టంటే మాల్టే అను." ఎప్పటినుంచో అనే మాటలే, ఉన్నది ఉన్నట్టు చెప్పమని బిడ్డకి మొదటి పాఠం. మాల్టు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సుమీనా నవ్వలేదు. తడి వేలు పైకెత్తి అలాగే నిలబడిపోయాడు.

"ఇప్పుడే కదా నేర్పాను దీనికి, ఉన్నది ఉన్నట్టు చెప్పమని" అన్నాడు. "ఈ వేలు ఆరకముందే దీన్ని చెత్త అంటే, దీనికి మొదటి అబద్ధం నేర్పింది నేనే అవుతాను. ముప్ఫై తొమ్మిదేళ్ళు మోశాను ఆ పేరు. అమ్మ ప్రేమకొద్దీ పెట్టింది, భయంకొద్దీ పెట్టింది. ప్రేమ నా దగ్గర ఉంచుకుంటాను. భయం నాతో ఆగిపోవాలి. ఈ పిల్ల గురువారం పుట్టింది కాబట్టి వారం పేరు యా. దీని పేరు యా అనిదాసో."

తివా ఏడవలేదు. ఏడుపు పొయ్యి దగ్గర పిండిలో ఎప్పుడో అయిపోయింది. వీధి వైపు తిరిగి, ఊళ్ళో తిరిగే దేనికైనా వినపడేలా అరిచింది, "యా అనిదాసో! విన్నారా? యా అనిదాసో!" కొనాదు కొట్టు దిగి వచ్చి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తనూ అరిచింది. ఆ పొద్దున్న రేడియో పెట్టడం మర్చిపోయింది మరి.

నానా లేచింది. చేతులు చాపింది. "న్యామెచే, పిల్లనిలా ఇవ్వు" అంది, వాకిలంతా వినపడేలా. ఎవరీ న్యామెచే అని జనం అటూ ఇటూ చూశారు. సుమీనా ఒక్కడే కదిలాడు.

అప్పుడు దపా మామ కర్రతో నేల మీద ధన్‌మని కొట్టాడు. "అంతా బాగుంది గానీ, పోరెప్పుడు?"

"ఏం పోరు మామా?"

"గురువారం పొద్దున్నే అందరితోనూ పోరు పెడుతున్నామని నువ్వేగా ఫోను చేశావు! రెండు రోజులుగా కర్ర పక్కలో వేసుకుని పడుకుంటున్నాను. వీపంతా కదుములు కట్టింది."

సుమీనా తల్లి వైపు చూశాడు, మామ వైపు చూశాడు, అప్పుడు వెలిగింది. నవ్వలేక నవ్వలేక వాకిలికంతటికీ చెప్పాడు: పొయ్యి భగభగలో, రేడియో గోలలో తను అన్నది పేరు, అమ్మ విన్నది పోరు అని.

"ఆ కర్ర నా కోసమనుకున్నానే!" అంది తివా.

"నీ కోసమా? నీ తరఫున అనుకున్నానమ్మాయ్!" అన్నాడు దపా మామ నొచ్చుకుని.

జనం నవ్వులతో వాకిలి ఊగిపోయింది. నానా మాత్రం నవ్వలేదు. మనవరాలి మీది గుడ్డ కాస్త పల్చగా సర్ది, "నాకేం తప్పు వినపడలేదు" అంది. "అందరితోనూ పోరన్నాడు. అయిందిగా?"