గోడ బయటి జాగ

నల్ల ఎండుద్రాక్షలు ఉబ్బి, నీళ్లు వంకాయ రంగుకు తిరిగేసరికి సారమ్మ పొయ్యిలోంచి ఒక కట్టె బయటికి లాగింది. చర్చి వెనకాల మూడు రాళ్ల పొయ్యి, దానిమీద మసిబారిన సత్తుగిన్నె. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లకు రసం కాచేది ఆమే. వారమంతా వరంగల్ మార్కెట్లో మిరపకాయల తొడిమలు తీసే చేతులు కాబట్టి, ముందుగా బియ్యం కడుగుతో బాగా తోముకుంటుంది. వెనకటికి ఒకసారి సంఘపెద్ద ఇస్సాకు గ్లాసు దించి, "చెల్లె, ప్రభువు రక్తంల గూడ కారం కలిపినవా" అని అందరి ముందే అన్నాడు. ఆ మాటకు నవ్వుకునే చనువుండేది అప్పట్లో ఇద్దరికీ.

గిన్నె దించబోతే ఎడమ రెక్క మళ్లీ గుంజింది. రాత్రి నుంచి అంతే. అరుగుమీద కూలబడి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, ఊపిరి దానంతటది దారికొచ్చేదాకా ఊరుకుంది. సన్నటి మనిషి. తొడిమలు తీసీ తీసీ బొటనవేళ్ల గోళ్లు అరిగిపోయాయి. మిర్చి ఘాటుకు కళ్లు ఎప్పుడూ ఏడ్చినట్టే ఉంటాయి గానీ, నిజంగా ఏడ్చి చాలా కాలమైంది.

చావంటే ఆమెకు జంకు లేదు. పోయేది ప్రభువు దగ్గరికే గదా అన్న ధీమా. తెల్లచీర ఉతికి, మడతపెట్టి, పెట్టె అడుగున పెట్టుకుంది. ఒక్కటే తక్కువ. రసం కాచే సారమ్మ రసం తాగదు. "మనసుల ఎవరి మీదన్న పగ పెట్టుకొని ఈ బల్ల ముట్టొద్దు" అని పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు ప్రతి నెలా చెప్తాడు. ఆమెకు పగ ఉంది. లేదని అబద్ధమాడి తాగలేదు. తాగదని తెలిసీ అయ్యగారు ఆమె గ్లాసు ఆమెకు పంపిస్తూనే ఉంటాడు. దాన్ని కొంగుచాటున తీసుకుపోయి మొగిలయ్య మట్టిమీద పోసి వస్తుంది.

మొగిలయ్య ఆమె పెనిమిటి. మార్కెట్లో బస్తాలు మోసేవాడు. బాప్తిస్మం తీసుకున్నవాడే గానీ, తల్లి మొక్కు మిగిలిపోయిందని అన్నదమ్ములు పట్టుబడితే, డెబ్బై ఆరో సంవత్సరం వనదేవతల జాతరకు బెల్లం ఎత్తుకొని మేడారం పోయాడు. తిరిగొచ్చిన వారానికే వాంతులు పట్టి ప్రాణం పోయింది. ఇస్సాకు సమాధుల తోట గేటుకు అడ్డం నిలబడ్డాడు. "గద్దెల కాడ మొక్కొచ్చినోడు మన తోటల ఎట్ల పండుకుంటడు?" అన్నాడు. శవం ఎండలో ఉండగానే వాదులాట. చివరికి గోడ బయట, తుమ్మచెట్టు పక్కన పూడ్చారు. ఆనాటి నుంచి ఇస్సాకుతో సారమ్మకు మాటల్లేవు.

రసం వడగడుతుంటే ఇస్సాకు కోడలు అనసూయ వచ్చి నిలబడింది.

"అత్తమ్మా, మామ నిన్ను ఒక్కసారి రమ్మంటాండు."

"మొన్ననే రానని చెప్పిన గదా బిడ్డా."

"మెతుకు మింగుత లేడు. ఒకటే తీరు నీ పేరే అంటాండు. జర వచ్చి పో, నీ కాల్మొక్త."

కాదనడానికి కూడా ఓపిక ఉండాలి. ఇవాళ సారమ్మకు అది లేదు. ఉత్తచేతులతో ఒకరింటికి పోయే అలవాటూ లేదు. గిన్నెలోంచి కాస్త రసం చెంబులోకి ఒంపుకొని లేచింది.

నులకమంచంలో ఇస్సాకు సగమే మిగిలాడు. పక్షవాతం కుడివైపంతా తినేసింది. చర్చిలో వెనక బల్లదాకా వినబడిన గొంతు ఇప్పుడు మూతి పక్క నుంచి జారుతోంది.

"భయమైతాంది చెల్లె."

"నీకేం భయం? నువ్వు గోడ లోపలనే పంటవు గదా."

ఇన్నేళ్లుగా నోట్లో దాచుకున్న మాట అది. తీరా అన్నాక రుచేమీ తెలియలేదు. ఇస్సాకు కంటినీరు చెవిలోకి కారింది. తుడుచుకోలేదు.

"లోపల వద్దన్న అయ్యగారితోని. మొగిలి పక్కన పెట్టుమన్న. సచ్చినోళ్లు లేచే దినాన మొదలు వాని మొఖమే చూడాలె. వానితోని ఒక మాట చెప్పుకునేది ఉన్నది."

"ఏమన్నడు అయ్యగారు?"

"అది సారమ్మ జాగ, సారమ్మనే అడుగన్నడు. అందుకే అడుగుతాన."

సారమ్మ చెంబు కింద పెట్టింది. జానెడు సొంత నేల లేని తనను జాగ ఇమ్మని అడిగిన మొదటి మనిషి వీడు.

"నా జాగ ఇయ్య," అంది. "లగ్గమైన కాడినుంచి ఆయన కుడిపక్కనే పండిన. అది నాదే."

ఇస్సాకు కళ్లు మూసుకున్నాడు.

"ఎడమ పక్క ఖాళీగున్నది. తుమ్మ వేర్లుంటయి, జర గట్టిగ తవ్వుమను. అటు పండు."

కళ్లు తెరిచాడు. ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకొని వెక్కసాగాడు.

"ఊకో అన్నా. ఇగ నాకేం లేదు నీ మీద."

అన్నా అని పిలిచినట్టు తన చెవులకే కాస్త ఆలస్యంగా తెలిసింది. చెంచాతో రసం పోసింది. సగం గడ్డం మీద కారి, సగం గుటకై దిగింది.

"కారం లేదు," అన్నాడు ఇస్సాకు.

"కడుక్కున్న," అంది సారమ్మ.

ఆరాధన మొదలయ్యేసరికి ఎప్పటిలాగే వెనక బల్లమీద, గోడకు ఆనుకొని కూర్చుంది. నడిచొచ్చిన ఆయాసం తగ్గలేదు. అయ్యగారు పగ గురించిన మాట ఎప్పటిలాగే చెప్పాడు. గ్లాసులు పంచే పూలమ్మ, ఎప్పటిలాగే, సారమ్మ గ్లాసు ఆమె పక్కన పెట్టి సాగిపోయింది. సారమ్మ దానివైపు చూస్తూ కూర్చుంది. కిటికీలోంచి ఎండ వచ్చి రసం మీద పడింది.

చివరి పాట అయిపోయి జనం లేచారు. సారమ్మ లేవలేదు. పొద్దుటినుంచి పొయ్యికాడ ఉంది, కునుకు పట్టిందేమో అనుకున్నారు. పూలమ్మ వచ్చి, "సారక్కా, ఇగ లే, ఇంటికి పోదాం" అని భుజం తట్టింది. తల మెల్లగా గోడవైపు ఒరిగింది. పూలమ్మ అయ్యగారిని కేకేసింది. ఆయన వచ్చి, వంగి, చెయ్యి పట్టుకు చూసి, మెల్లగా ఆమె ఒడిలోనే పెట్టాడు.

కాసేపటికి చర్చి గంట ఆగి ఆగి మోగింది. అక్కడ మంచంలో ఇస్సాకు, "ఎవల కొరకే?" అని కోడలిని అడిగాడు.

పూలమ్మ కళ్లు తుడుచుకుంటూ గ్లాసులు ఏరింది. సారమ్మ పక్కనున్న దాని దగ్గరికి వచ్చి, అలవాటుకొద్దీ, ఒలకకుండా రెండు చేతులతో ఎత్తింది. బరువు లేదు. గాజు అడుగున ఒక్క చుక్క, వంకాయ రంగులో, ఆరిపోతూ ఉంది.