చేపల బండి సైలెన్సర్

మస్తాన్‌రావు రేపల్లె నుంచి తెనాలికి చేపలు తెచ్చే బండి అది. వెనక పెట్టెలోంచి ఉప్పునీళ్లు కారి సైలెన్సర్ మీద ఎప్పుడూ ఒకేచోట పడతాయి. ఇనుమైతే మాత్రం ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది! ఆ పొద్దున చేపలు అమ్మేసి, చిల్లుపడ్డ సైలెన్సర్ ఊడదీసి రహమతుల్లా వెల్డింగ్ షాపులో పెట్టి, టిఫిన్‌కి వెళ్లాడు.

అతను వెళ్లగానే రహమతుల్లా షట్టర్ సగం దించి, వెల్డింగ్ రాడ్ బిగించిన హోల్డర్ భార్య ఖైరున్నీసా చేతిలో పెట్టాడు. ఏడాదిగా ఆయన కళ్లకు పొర కమ్ముతోంది. ఆపరేషనంటే భయం. సంగతి బయటపడితే ఎవరూ పనివ్వరని అంతకంటే భయం. ఇంటి చాకిరీ చేసుకుని, ఇక్కడికొచ్చి ఆయనకు కళ్లుగా నిలబడి ఖైరున్నీసా విసిగిపోయింది. ఇప్పుడు చేతులు కూడా తానే కావాలి కాబోలు.

తుప్పు గీకి, నల్లద్దం అడ్డం పెట్టుకుని రాడ్ తాకించింది. అంటుకుపోయింది. లాగి మళ్లీ పెట్టి, తీయడం ఆలస్యం చేసింది. కందిగింజంత చిల్లు రూపాయి బిళ్లంత అయింది. ఆమెకు ఏడుపొచ్చింది.

రహమతుల్లా కసరలేదు. వెల్డింగ్ మిషన్ మీద కరెంటు తగ్గించాడు.

"నాకు కనపడదు గానీ వినపడుద్ది. గారెలు వేగుతున్న చప్పుడు రావాలి. నువ్వు మాడ్చేస్తున్నావు. చుక్క పెట్టు, ఆగు. మళ్లీ పెట్టు."

గారెల చప్పుడు ఆమెకొకరు నేర్పాలా! పాత గొట్టం ముక్క కోసి చిల్లు మీద కప్పి, చుట్టూ చుక్క చుక్కగా అతికింది. మణికట్టు పీకేసింది, కళ్లు మండాయి.

మస్తాన్‌రావు వచ్చి సైలెన్సర్ బిగించి కిక్కు కొట్టాడు. పొగ ఎక్కడా బయటకు రాలేదు. ఎగుడుదిగుడుగా ఉన్న అతుకును వంగి చాలాసేపు చూశాడు. ఇవాళ చెయ్యి కొంచెం వణికిందని రహమతుల్లా గబగబా సర్దిచెప్పాడు. మస్తాన్‌రావు చూపు ఖైరున్నీసా ఎర్రటి కళ్ల మీదికి, నిప్పురవ్వలకు చిల్లులుపడ్డ పైటకొంగు మీదికి వెళ్లింది.

"బాబాయ్, కిందటి రెండుసార్లూ నువ్వేసిన అతుకు దారిలోనే ఊడిపోయింది. భట్టిప్రోల్లో మళ్లీ వేయించుకున్నా. నీకు చెప్పబుద్ధి కాలేదు," అన్నాడు నెమ్మదిగా. "ఇది ఊడదులే. మళ్లీ చిల్లుపడితే పిన్ని చేతే వేయించు."

బండి చప్పుడు దూరమయ్యేదాకా రహమతుల్లా చెవొగ్గి విన్నాడు. దాచానని ఆయన అనుకున్న ఏడాదంతా ఆ రెండు ముక్కల్లో పోయింది. ఖైరున్నీసాకు జాలేసింది, కానీ ఓదార్చే ఓపిక లేదు.

"షట్టర్ పైకెత్తు," అన్నాడు చివరికి.

ఆమె చేతులు లేవలేదు. ఆయనే గోడ తడుముకుంటూ వెళ్లి, పూర్తిగా ఎత్తేశాడు.