ముళ్లకాయ పెట్టిన కుర్చీ

పదీ ఇరవైకి కుర్చీ కాలు ఊడి ఒలివర్ చేతిలోకి వచ్చింది.

చలిమంట పొయ్యి పైన అరుగు మీద పింగాణీ గొర్రెపిల్లల దుమ్ము దులుపుతున్న గ్లెనిస్ ప్రాబర్ట్ కుంచె ఆపలేదు. ఆపితే తెలిసిపోతుందనిపించింది.

"ఎవరో కూర్చున్నారు!" అన్నాడు ఒలివర్. జనం చూడవచ్చే పాత జమీందారీ బంగళా క్విన్‌స్టో కోర్ట్‌కి అతను మేనేజరు, వచ్చి రెండేళ్లు కాలేదు. "మూడొందల ఏళ్ల కుర్చీ! దర్జాగా కూర్చుని, విరగ్గొట్టి, కాలు మళ్లీ కింద ఆనించి, ముళ్లకాయ కూడా ఎప్పట్లా పెట్టిపోయారు!"

ముళ్లకాయ పట్టు మెత్త మధ్యలో ఉంది. ఎండి, గోధుమరంగుకు తిరిగి, కోడిగుడ్డంత ఉంది. కూర్చోవద్దని బోర్డు పెడితే చూడవచ్చినవాళ్లకు అవమానం. అందుకే కుర్చీకి ఒక ముళ్లకాయ పెడతారు. ఇంగ్లండులోని ఈ ష్రాప్‌షైర్ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా దాని అర్థం తెలుసు.

ఒలివర్ గది పుస్తకం తెరిచాడు. "నిన్న అయిదింటికి అన్నీ సరిగ్గా ఉన్నాయని మీ సంతకం ఉంది. మీ సంతకం మీద నాకు అనుమానమే లేదు గ్లెనిస్. అంటే అయిదు దాటాక జరిగింది. అయిదు దాటాక పూలకుండీ పట్టుకుని ఈ గదిలోకి వచ్చింది ఎవరు?"

కిటికీ పక్క బల్ల మీద నీలం హయసింత్ పూలు విచ్చుకుని ఉన్నాయి. కింద తివాచీ మీద చిటికెడు మట్టి.

"ట్రెవర్," అని తనే చెప్పాడు. "మన తోటమాలి. వంద కిలోల మనిషి."

ఆ పేరు వినగానే గ్లెనిస్ గుండెల మీద నుంచి బరువు దిగింది. దిగినందుకు ఆ వెంటనే సిగ్గు వేసింది. మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది. ఆమె గొర్రెపిల్ల చెవుల వెనక మరోసారి దులిపింది.

"పదకొండుకి రెండు టూరిస్టు కోచ్‌లు వస్తున్నాయి," అన్నాడు ఒలివర్. "కుర్చీ లేకపోతే అడుగుతారు. కాలు ఆనించి ఇక్కడే ఉంచండి. సాయంత్రం అయిదున్నరకి అందరూ కింద వంటవాళ్ల హాల్లో ఉండాలి. పోయినేడు మెట్ల మీద కూర్చుని తిన్నాడని ట్రెవర్‌కి ఒక హెచ్చరిక ఇచ్చాను. ఇది రెండోది. ఇక ఉద్యోగం ఉండదు."

ఉద్యోగంతోపాటే తోటలోని రెండు గదుల ఇల్లూ పోతుంది. ట్రెవర్ బెడోస్ ఆ ఇంట్లోనే పుట్టాడు.

సంతకం అబద్ధం కాదు. అయిదింటికి కుర్చీ బాగానే ఉంది. గ్లెనిస్ సంతకం పెట్టాకే కూర్చుంది. ఎప్పుడూ అంతే.

ఈ ఇంట్లో ఆమె ఇరవై రెండేళ్లుగా దులుపుతోంది, తుడుస్తోంది, కిటికీ తలుపులు తీస్తోంది, వేస్తోంది. అంతకు ముందు బడి వంటగదిలో బంగాళాదుంపలు చెక్కు తీసింది. అరవై ఒకటో ఏడు. సన్నటి మనిషి. బూడిదరంగు స్వెట్టరు, శబ్దం చెయ్యని బూట్లు. చూడవచ్చినవాళ్లు తీసుకున్న ఫోటోల్లో ఆమె మోచెయ్యి చాలాసార్లు పడి ఉంటుంది, మొహం పడి ఉండదు.

ఆమె తల్లి ఇక్కడే పనిమనిషి. యజమానులు నడవాలో ఎదురైతే గోడవైపు తిరిగి నిలబడాలి. ముసలితనంలో తన సొంత ఇంట్లో కూడా ఆవిడ కుర్చీ అంచునే కూర్చునేది, ఎవరో లేపుతారన్నట్టు. ఆవిణ్ణి ఒక మంగళవారం పూడ్చారు. బుధవారం గ్లెనిస్ పనిలోకి వచ్చింది. ఆ సాయంత్రం గది ఖాళీ అయ్యాక ముళ్లకాయను రెండు వేళ్లతో తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసి కూర్చుంది. ఎదురుగా పచ్చిక, కత్తిరించిన చెట్ల వరస, చివర చెరువు. గడియారంలో ఒక్క నిమిషం.

తర్వాత పద్నాలుగేళ్లు, రోజుకో నిమిషం. నిన్న బిస్కెట్ విరిగినట్టు చిన్న చప్పుడైంది.

కోచ్‌లు వచ్చాయి. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలావిడ నడిచే దారికి కట్టిన తాడు దగ్గర ఆగింది.

"ఒక్క నిమిషం కూచోనా తల్లీ? మోకాలు చంపేస్తోంది."

"క్షమించండమ్మా. అది కూర్చోవడానికి కాదు."

"కుర్చీ కూచోవడానికి కాకపోతే మరెందుకు, పూజ చెయ్యడానికా?"

వెనకవాళ్లు నవ్వారు. ఇన్నేళ్లుగా గ్లెనిస్ దగ్గర దీనికి ఒక జవాబు ఉండేది. ఇవాళ తన మడత స్టూలు తెచ్చి ఆవిడకు వేసింది.

ఒంటిగంటకు గాజు పూలషెడ్డు వెనక ట్రెవర్ కనిపించాడు. బోర్లించిన తొట్టి మీద కూర్చుని జున్ను రొట్టె తింటున్నాడు.

"ఏం అమ్మాయ్, మొహం అలా పెట్టావ్? ఉరి నాకు కదా!"

"ఒలివర్ నీతో మాట్లాడాడా?"

"ఆ, అబ్బాయిగారు వచ్చి నా వెనకభాగం కొలతలు అడిగారు. ఒకటే అన్నాను. ఆ కుర్చీలో నేను కూచుంటే విరిగేది కాలు కాదు సార్, నేల."

ఆమె నవ్వలేదు. "నువ్వు కాదని గట్టిగా చెప్పొచ్చుగా?"

"చెప్తే మరెవరని అడుగుతాడు." ట్రెవర్ ఫ్లాస్కు మూత బిగించాడు. చాలాసేపు బిగించాడు. "రోజూ అయిదింటికి పచ్చిక అంచులు కత్తిరిస్తాను. ఆ కిటికీ ఎదురుగానే."



"ఎన్నాళ్లుగా?"

"మీ అమ్మ పోయిన వారం నుంచి. బావుండేదానివి, రాణిలాగా." అతను బూట్లవైపు చూశాడు. "వదిలెయ్. మా చెల్లెలి మేడ మీద గదుంది. పావురాలు ఖాళీ చేస్తే నేను దిగడమే."

ఆమె ఏదైనా అని ఉండాల్సింది. తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. మధ్యాహ్నమంతా ఆ ఊపిన తలే గుర్తొచ్చింది. కుర్చీ విరగడం పొరపాటు. తల ఊపడం పొరపాటు కాదు.

అయిదింటికి కిటికీ తలుపులు ఒక్కొక్కటే వేసింది. చివరి తలుపు సందులోంచి చూస్తే పచ్చిక మీద ఎవరూ లేరు. పుస్తకంలో సంతకం పెట్టలేదు. కుర్చీ దగ్గర ఆగి, ముళ్లకాయను ఈసారి రెండు వేళ్లతో కాదు, గుప్పెటతో తీసుకుంది.

హాల్లో ఆరుగురున్నారు. ఒలివర్ ముందు ట్రెవర్ పేరున్న కవరు. ట్రెవర్ టోపీ చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. గ్లెనిస్ తల్లిలా అతను గోడవైపు తిరిగి లేడు, అంతే తేడా.

"చివరిసారి అడుగుతున్నాను," అన్నాడు ఒలివర్. "ట్రెవర్, నిన్న ఆ కుర్చీలో..."

"ఆయన కాదు."

అందరూ తిరిగి చూశారు. ఆమె గొంతు ఆ హాల్లో అంత గట్టిగా ఎవరూ వినలేదు.

గ్లెనిస్ బల్ల దగ్గరికి నడిచింది. తాళాలు పెట్టింది. పేరున్న బిళ్ల స్వెట్టరు నుంచి ఊడదీసి దాని పక్కన పెట్టింది.

"సంతకం పెట్టాక కూర్చున్నాను. నిన్నొక్కరోజే కాదు, పద్నాలుగేళ్లుగా. పొద్దున మీరు ట్రెవర్ పేరు చెబితే ఊరుకున్నాను. అది కూడా రాసుకోండి."

"గ్లెనిస్, మీరు ఏం..."

"విరగ్గొట్టింది గ్లెనిస్ ప్రాబర్ట్. పేరు సరిగ్గా రాయండి."

ట్రెవర్ టోపీ నలుపుతున్నాడు. ఆమె అతని వైపు చూడలేకపోయింది. గుప్పెట తెరిచి అందులోది బల్ల మీద వదిలి, కోటు తీసుకుని, పనివాళ్ల తలుపులోంచి బయటికి నడిచింది.

తాళాల పక్కన ముళ్లకాయ ఉంది, ఆమె చెయ్యి నొక్కినవైపు ముళ్లన్నీ అణిగిపోయి.