ఖాళీ స్టూలు

నమ్రతకు పంక్ రాక్ అంటే చెవులు గింగుర్లెత్తించే గోల, అంతే. కానీ షికాగోలో పాత టేపుల్ని శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న స్టూడియోలో ఆమె ఇంజనీరు. 2009 వేసవిలో ‘రస్టెడ్ సైరన్స్’ టేపులు ఆమె బల్ల మీదికే వచ్చాయి.

పంక్ అన్న మాట ఆ ఊళ్లో ఇంకా ఎవరి నోటా పలకని రోజుల్లో పుట్టిన బ్యాండ్ అది. నలుగురు మనుషులు, రెండు నిమిషాలకు మించని పాటలు. రికార్డులు అమ్ముడుపోయింది అంతంతమాత్రం. అయిదేళ్లకే వ్యాన్ బోల్తాపడి డ్రమ్మర్ డానీ చనిపోయాడు. బ్యాండూ చెదిరిపోయింది. అయినా ఆ తర్వాత గిటారు పట్టిన పంక్ కుర్రాళ్లలో వాళ్ల పేరు తలవనివాళ్లు లేరు.

చివరి టేపులో డ్రమ్ములు నమ్రతకు నచ్చాయి. ప్రతి నాలుగో దెబ్బా, మనిషి మెట్టు తప్పి నిలదొక్కుకున్నట్టు, కాస్త ఆలస్యంగా పడుతోంది. మధ్యాహ్నం ఆ బ్యాండ్ గిటారిస్టు జోన్ వస్తే ఆమెకు అదే వినిపించింది. నెరిసిన జుట్టున్న జోన్ చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"ఇదెక్కడి షో?"

"చర్చి బేస్‌మెంట్‌లో. 1981 నవంబరు."

"అది డానీని పాతిపెట్టిన వారానికి ఆడింది," అంది జోన్. "మేం ముగ్గురమే. అతని స్టూలు ఖాళీగా వదిలేశాం. ఆ రోజు డ్రమ్ములు ఎవరూ వాయించలేదు."

నమ్రత పక్క గదిలోంచి తోటి ఇంజనీరు అవినాష్‌ని పిలిచింది. "ఒకసారి చెక్ చెయ్యవా? పాత రికార్డింగ్ ఏదో కింద మిగిలి ఉంటుంది."

అతను చాలాసేపు విన్నాడు. "లేదు నమ్రతా. టేప్ ఫ్రెష్‌దే, దీని మీద అంతకుముందు ఏదీ రికార్డవలేదు. డ్రమ్స్ ఎకో కూడా ఆ బేస్‌మెంట్‌దే. ఎలా అని నన్నడగకు. కావాలంటే డ్రమ్స్ ఫిల్టర్ చేసేద్దాం."

తీసేసి చూశారు. ఎవరి కోసమో ఆగినట్టు గిటార్లు కూడా నాలుగో దెబ్బకి తడబడుతున్నాయి. వాటి వెనక, విన్నవాళ్ల కాళ్లు నేలను తన్నుతున్నాయి. అదే ఆలస్యంతో.

"ఆ బేస్‌మెంట్‌లో ఉన్న పిల్లల్లో సగంమంది తర్వాత బ్యాండ్లు పెట్టారు," అంది జోన్. "వాళ్ల డ్రమ్మర్లందరిదీ ఇదే నడక. ఎక్కడ నేర్చారంటే, ఆ రోజు విన్నాం కదా అనేవాళ్లు. తాగి వాగుతున్నారనుకున్నాను." నమ్రత వైపు తిరిగి, "తీసెయ్యొద్దు. ఉన్నది ఉన్నట్టు పెట్టు. ఒక్కసారి నన్ను ఒంటరిగా విననీ," అంది.

నమ్రత తలుపు మూసి బయట నిలబడింది. తలుపు అద్దంలోంచి జోన్ కనిపిస్తోంది. గది మూలకి తిరిగి ఏదో అంటోంది, నవ్వుతోంది, తర్వాతి పాట మొదలెట్టమన్నట్టు తలాడిస్తోంది. మూలలో ఎవరూ లేరు. టేపు ఎప్పుడో అయిపోయింది. నమ్రత చెప్పుల కింద నేల మాత్రం సన్నగా అదురుతోంది.

ఆ శీతాకాలం రికార్డు వెలువడింది, అట్ట మీద ఆ నవంబరు షోకి కూడా డానీతో కలిపి నాలుగు పేర్లతో. తప్పు దిద్దమని రాసినవాళ్లు ఒక్కరూ లేరు.