పేరు వినపడితే సంతకం

పెళ్లయి గార్డెన్ రీచ్ రేవుకి వచ్చాక నాకు దొరికిన మొదటి సంతోషం మా ఆయన, రెండోది పెద్దిరాజుగారి పుస్తకాలు. పెద్దిరాజుగారు మా ఆయన ఉన్న ఈ రేవులోనే పనిచేస్తూ తెలుగులో కథలు రాసేవారట. ఏ పుస్తకమైనా కొద్ది ప్రతులే అచ్చు వేయించి, కొన్నవాళ్ల పేరు అడిగి రాసి, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టేవారు. ఆయన పోయాక ఏదీ మళ్లీ అచ్చు కాలేదు.

ఆదివారాలు ఇద్దరం కాలేజ్ స్ట్రీట్ పాతపుస్తకాల కొట్లు గాలించేవాళ్లం. ఒకటి దొరికితే నాకు పండగే. ఇంటికొచ్చి చీటీ మీద దాని రూపురేఖలు రాసి లోపల పెట్టేదాన్ని. "నీలం అట్ట. కుట్టు గట్టిది. వెనక టీ మరక. జగ్గమ్మ అనే పేరు. సంతకం తోక పొడుగు."

"పెళ్లిచూపుల్లో నన్నయినా ఇంత ఇదిగా సూసినావేటి?" అనేవారు మా ఆయన.

"మీకు టీ మరకల్లేవు కదా!"

"బీయే సదివినావు. ఒక్కపాలి నన్ను పేరెట్టి పిలు."

"మా అమ్మ మా నాన్నని పిలవలేదు. నేనూ పిలవను."

ఆఖరి పుస్తకం ఒక్కటే ఎక్కడా దొరకలేదు. దానికోసం పెద్దిరాజుగారి భార్య నారాయణమ్మగారింటికి వెళ్లాం. మధ్యాహ్నం, కరెంటు లేదు. మా ఆయన సందులో, కొడవలి సుత్తి వేసిన గోడ దగ్గర ఝాల్‌ముడి మరమరాలు కొంటూ ఆగిపోయారు. నేను మేడెక్కాను.

ఆవిడ పుస్తకం తెచ్చి ఇచ్చింది. ఎర్ర అట్ట, ఎవరూ తెరవని కాగితాలు. మొదటి పేజీ ఖాళీ.

"సంతకం లేదే పెద్దమ్మా!"

"లేకపోతేనే మంచిది. అట్టుకుపో. ఈ గదిలో మాత్రం ఎవరి పేరూ అనకు," అంది ఆవిడ నెమ్మదిగా. "ఆయన పోయినా సంతకాలు మానలేదమ్మా. పేరు ఇనపడితే రాసేసుకుంతాడు. కబుర్లకి మనుసులు కావాల ఆయనకి. నీకు దొరికిన పుస్తకాలు కొట్లకెలా వొచ్చాయనుకున్నావు? పేరున్నోల్లు ఒక్కరూ మిగల్లేదు."

నవ్వేశాను. "మా ఆయన పేరైతే నేనెక్కడా అనను పెద్దమ్మా."

అంతలో సందులోంచి ఎవరో రేవు స్నేహితుడు గొంతెత్తాడు. "అప్పలసూరి దాదా! ఓ అప్పలసూరి దాదా!"

"ఆఁ!" మా ఆయన ఉత్సాహంగా పలికారు.

నారాయణమ్మగారు నోటికి చెంగు అడ్డుపెట్టుకుంది. నా చేతిలోని పేజీ మీద ఆకుపచ్చ తడి పుట్టింది. ముందు అ. తర్వాత ప్ప. పేరు పూర్తయింది. దాని కింద ఒక చుక్క పడి, సంతకానికి సిద్ధమవుతున్నట్టు ఆగింది.

అట్ట మూశాను. సిరా అంచుల్లోంచి ఊరింది. మళ్లీ తెరిచాను. కింద మా ఆయన నవ్వు వినిపిస్తోంది. కబుర్లంటే ఆయనకి ప్రాణం. ఎవరు పిలిచినా వెళ్లిపోతారు. వంగి, పేజీ దగ్గర నోరు పెట్టాను.

"పైడితల్లి," అని నా పేరు చెప్పాను. "ఇద్దరికీ కలిపి పెట్టండి."

ఇంటికొచ్చి ఎప్పట్లాగే రాశాను. "ఎర్ర అట్ట. కుట్టు కొత్తది. రెండు పేర్లు, పక్కపక్కన. సంతకం తోక పొడుగు. సిరా ఇంకా ఆరలేదు."

మా ఆయన నా భుజం మీంచి చూసి మురిసిపోయారు. "నోటితో అననన్నావు. పుస్తకం మీద రాయించేసినావే!"

"ఏవండీ, ఇకమీదట ఎవరైనా పిలిస్తే," అన్నాను ఆయన చెయ్యి పట్టుకుని, "ఒక్కరే పలక్కండి."